నరక వర్ణనలు చదివితే భయం వేయడం లేదు, సైతాను హీరోలా కనిపిస్తున్నాడు. నేను తప్పుగా చదువుతున్నానా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో చెప్తాను. ఇటలీ కవి డాంటే తనే నరకంలో నడిచి చూసినట్టు రాసిన కావ్యం ‘ఇన్ఫెర్నో’ సగం దాకా వచ్చారు. మంటలు, తారు, పాములు, బురద... శిక్షల లిస్టు చదువుతున్నట్టు ఉందే తప్ప భయం గానీ బాధ గానీ కలగలేదు. విసుగొచ్చి, దేవుడి మీద తిరగబడ్డ సైతాను కథతో మొదలయ్యే ఇంగ్లిష్ కావ్యం, మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’ తీశారు. మొదటి రెండు సర్గలు అయ్యేసరికి సైతానే హీరో అనిపించాడు. మన పురాణాల్లో నరకాలు కూడా ఇలాగే పట్టికల్లా ఉంటాయి కదా, ఇవన్నీ గొప్ప సాహిత్యం ఎలా అయ్యాయి, వీటిని ఎలా చదవాలి అని అడిగారు.

తప్పుగా ఏం చదవడం లేదు. కాకపోతే మీ చూపంతా శిక్షల మీదే ఉంది. శిక్షని కాసేపు పక్కన పెట్టి, శిక్ష పడినవాడి మాట వినండి. తన కథ ఎలా చెప్పుకుంటున్నాడు, తప్పు ఎవరి మీదకి నెడుతున్నాడు, ఏ సంగతి ఎత్తకుండా దాటేస్తున్నాడు? దాంతోపాటు, నరకం చూడ్డానికి వెళ్ళినవాడు అక్కడ ఏం చేశాడో కూడా గమనించండి. చాలాకాలంగా డిగ్రీ, పీజీ పిల్లలకి ఈ పుస్తకాలు చెబుతున్నాను. చదివి చదివి విసుగొచ్చిందన్న వాళ్ళకి ఈ రెండు ప్రశ్నలే ఇచ్చి మళ్ళీ అదే సర్గకి పంపుతుంటాను. ఎక్కువమంది వేరే మొహంతో తిరిగొస్తారు.

డాంటే దగ్గరే మొదలుపెడదాం, మీరు ఆగింది అక్కడే కాబట్టి.

5వ సర్గలో ఫ్రాంచెస్కా ఉంటుంది. భర్త తమ్ముడు పావోలోని ప్రేమించింది, భర్త ఇద్దర్నీ చంపేశాడు. నరకంలో వాళ్ళిద్దరూ ఆగని గాలిలో కలిసి కొట్టుకుపోతుంటారు. డాంటే పిలిస్తే పావురాల్లా వచ్చి ఆగుతారు. ఆమె మాట ఎంత మర్యాదగా ఉంటుందంటే క్లాసులో సగం మంది అక్కడికక్కడే ఆమె పక్షాన చేరిపోతారు. వాళ్ళు మెత్తబడ్డాక నేను ఒకే పని చెప్తాను: ఆమె వాక్యాల్లో కర్త ఎవరో చూడండి. వరసగా మూడు పద్యాలు ‘ప్రేమ’ అనే మాటతోనే మొదలవుతాయి. ప్రేమ అతన్ని పట్టుకుంది, ప్రేమ నన్ను పట్టుకుంది, ప్రేమ మమ్మల్ని ఒకే చావుకి తీసుకెళ్ళింది. ఆ తర్వాత ఒక పుస్తకం వస్తుంది. ఇద్దరూ కలిసి లాన్సలాట్ ప్రేమకథ చదువుతూ ముద్దు దగ్గరికి వచ్చారు. ఆ పుస్తకమే, దాన్ని రాసినవాడే తార్పుడుగాడని ఆమె అంటుంది. ఆమె చెప్పినంతలో అన్నీ ప్రేమ చేసింది, పుస్తకం చేసింది, చంపినందుకు భర్త నరకంలో ఇంకా కిందకి పోతాడు. తను మాత్రం ఎక్కడా ఏమీ చెయ్యలేదు. పక్కన పావోలో మొత్తంసేపూ ఏడుస్తూనే ఉంటాడు, ఒక్క ముక్క మాట్లాడడు.

ఇప్పుడు ఆ గాలిని మళ్ళీ చూడండి. తన బతుకులో ఏ నిర్ణయమూ తనది కాదని చెప్పుకునే మనిషి గాలికి కొట్టుకుపోతోంది. ఆమె తన గురించి చెప్పుకున్నదాన్నే డాంటే కళ్ళకి కనపడేలా చేశాడు. దాన్ని బయటినుంచి ఎవరో వేసిన శిక్ష అనుకుంటే సగం పోతుంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి. డాంటేకి చివరి రోజుల్లో రవెన్నాలో ఆశ్రయమిచ్చిన గ్విదో నొవెల్లో స్వయానా ఫ్రాంచెస్కాకి మేనల్లుడి వరస. 1302లో ఫ్లోరెన్సు నుంచి వెళ్ళగొట్టాక డాంటే మళ్ళీ సొంత ఊరు చూడలేదు, 1321లో రవెన్నాలోనే పోయాడు. తనకి అన్నం పెట్టినవాళ్ళ ఇంటి ఆడపడుచుని నరకంలో పెట్టిన కవిగా ఆయన్ని చదవండి. ఆ సర్గ చివర్లో ఆమె కథ విని ఆయన స్పృహ తప్పి పడిపోవడం ఊరికే అనిపించదు.

రెండో ఉదాహరణ 33వ సర్గ, ఉగొలీనో. నా లెక్కలో మొత్తం కావ్యంలో దీన్ని మించిన భయం లేదు. గడ్డకట్టిన సరస్సులో ఒకడు ఇంకొకడి తల వెనకభాగం కొరుకుతుంటాడు. డాంటే పలకరిస్తే ఆ తల జుట్టుతోనే మూతి తుడుచుకుని మాట్లాడ్డం మొదలుపెడతాడు. ఈ మూతి తుడుచుకోవడం దగ్గర కాసేపు ఆగండి. మర్యాద తెలిసిన పెద్దింటి మనిషి, పలకరించడానికి వచ్చినవాడితో మూతికి నెత్తురుతో మాట్లాడడు. తనని, తన పిల్లల్ని పీసాలో ఒక బురుజులో పెట్టి, తలుపుకి మేకులు కొట్టించి, తిండి లేకుండా చంపించిన ఆర్చిబిషప్పు తల అది. ఆ కథ చెప్తాడు. పిల్లలు నిద్రలో రొట్టె అడగడం, కింద తలుపుకి మేకులు కొడుతున్న చప్పుడు, ‘నాన్నా, మా ఒళ్ళు తిను, నువ్విచ్చిందే కదా’ అనడం. మామూలు పాఠకుడు ఇక్కడ కరిగి నీరైపోతాడు.

రెండోసారి చదివినప్పుడు రెండు విషయాలు తగుల్తాయి. తను దేశద్రోహుల వరసలో ఎందుకు ఉన్నాడో, తను చేసిన ద్రోహం ఏమిటో ఒక్క ముక్క చెప్పడు. ఇంకొకటి, ఆ బురుజులో పిల్లలు అడుగుతూనే ఉంటారు, ఏడుస్తూనే ఉంటారు, తండ్రి వాళ్ళతో ఒక్క మాట మాట్లాడడు. లోపల రాయి అయిపోయానని ఆయనే చెప్తాడు. నోరు తెరిచి వాళ్ళ పేర్లు పిలిచేసరికి వాళ్ళు చచ్చిపోయి ఉన్నారు. కథ అవగానే మళ్ళీ పళ్ళు ఆ పుర్రెలో దిగుతాయి. పగ ఆయనకి ఎంత తిన్నా తీరని తిండి అయిపోయింది. మంచు ఎందుకో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

డాంటే నరకం అట్టడుగున మంట లేకపోవడం చాలామందికి ఆశ్చర్యం. 34వ సర్గలో లూసిఫర్, అంటే సైతానే, రొమ్ము దాకా మంచులో ఇరుక్కుని ఉంటాడు. మూడు మొహాలు, మూడు నోళ్ళలో క్రీస్తుని పట్టించిన జూడాస్, సీజర్‌ని చంపిన బ్రూటస్, కాసియస్. ఆరు కళ్ళూ ఏడుస్తుంటాయి. రెక్కలు ఆడిస్తూనే ఉంటాడు, ఆ రెక్కల గాలికే సరస్సు గడ్డకడుతుంది, ఆ గడ్డలోనే తను ఇరుక్కుని ఉన్నాడు. ఒక్క డైలాగు లేదు! కావ్యమంతా అన్ని గొంతులు వినిపించిన కవి చెడుకి రాజు అన్నవాడికి మాటే ఇవ్వలేదు. అక్కడ మీకు ‘ఇంతేనా’ అనిపిస్తే, అలా అనిపించాలనే ఆయన రాశాడు.

మీరు లిస్టు అన్నారే, ఆ లిస్టులో కూడా చూడ్డానికి చాలా ఉంది. ముందు జరగబోయేది చెప్తామన్న జ్యోతిష్కుల తలలు వెనక్కి తిరిగి ఉంటాయి, కన్నీళ్ళు వీపు మీద కారుతుంటాయి. తండ్రీకొడుకుల మధ్య చిచ్చు పెట్టిన బెర్‌ట్రాన్ ద బోర్న్ తెగిన తన తలని లాంతరులా చేత్తో పట్టుకుని నడుస్తుంటాడు. ఏ పక్షానా నిలబడకుండా బతికినవాళ్ళకి అసలు నరకంలోనే చోటు లేదు, గుమ్మం దాటగానే, నది ఇవతలే ఒక జెండా వెనకాల పరిగెత్తుతూ ఉంటారు, కందిరీగలు కుడుతుంటాయి. వాళ్ళ గురించి మాట్లాడొద్దు, చూసి నడువు అంటాడు డాంటేకి దారి చూపించే పాత రోమన్ కవి వర్జిల్. హాస్యం కూడా ఉంది. 19వ సర్గలో పోప్ మూడో నికొలస్ ఒక గోతిలో తలకిందులుగా ఉండి, పాదాలకి మంట అంటుకుని తన్నుకుంటూ, వచ్చింది డాంటే అని తెలియక ‘అప్పుడే వచ్చేశావా బోనిఫేస్?’ అంటాడు. కథ జరిగేది 1300లో, ఎనిమిదో బోనిఫేస్ పోయింది 1303లో. బతికున్న పోపుకి నరకంలో సీటు రిజర్వు చేసిపెట్టాడన్నమాట. ఇక్కడ మా క్లాసులో నవ్వులు వస్తాయి, రావాలి కూడా.

ఒక హెచ్చరిక. డాంటే తీర్పులన్నిటినీ ఒప్పుకుంటేనే కావ్యం అర్థమవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. క్రీస్తు కంటే ముందు పుట్టినందుకే హోమర్‌నీ వర్జిల్‌నీ మొదటి వలయంలో పెట్టాడు. ఇతర మతాల వాళ్ళ విషయంలో, ఆత్మహత్య చేసుకున్నవాళ్ళ విషయంలో ఆయన తీర్పులు ఇవాళ మింగుడుపడవు. ఆ ఇబ్బంది కావ్యంలోనే ఉంది. దారంతా చెయ్యి పట్టుకుని నడిపించిన వర్జిల్ స్వర్గం గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోవాలి. డాంటేకి అది నొప్పి. ఆయన ఆ నొప్పి దాచలేదు.

ఇక మిల్టన్ సైతాను. హీరోలా ఉన్నాడనడంలో మీరు ఒంటరి కాదు. మిల్టన్ తనకి తెలియకుండానే దయ్యం పక్షాన ఉన్నాడని 1790ల ప్రాంతంలోనే విలియం బ్లేక్ అనేశాడు. మొదటి రెండు సర్గలే చదివితే అలా అనిపించక మానదు. స్వర్గంలో ఊడిగం చెయ్యడం కంటే నరకంలో ఏలడం మేలు అన్న వాక్యం అక్కడిదే. మనసు తన చోటు తనే, అది నరకాన్ని స్వర్గం చేసుకోగలదన్నదీ అక్కడిదే. మిల్టన్ రాజుని ఎదిరించిన మనిషి. 1649లో మొదటి చార్లెస్ తల తీసినప్పుడు దాన్ని సమర్థిస్తూ రాశాడు, 1660లో రాజరికం తిరిగొచ్చాక కొన్నాళ్ళు జైల్లో ఉన్నాడు. అప్పటికే చూపు పోయింది, కావ్యం ఇంకొకరి చేత రాయించాడు. తిరుగుబాటుదారు మాటల్లో ఎంత ఊపు ఉంటుందో ఆయనకి బయటనుంచి తెలిసింది కాదు. అందుకే ఆ ఉపన్యాసాలు అంత బాగుంటాయి.

కానీ సైతాను ఏం అంటున్నాడో చదివిన వెంటనే ఏం చేస్తున్నాడో చదవాలి. రెండో సర్గలో నరకంలో పెద్ద సభ జరుగుతుంది. ఒకడు యుద్ధం అంటాడు, ఒకడు మెదలకుండా ఉందామంటాడు, ఒకడు ఇక్కడే సుఖంగా స్థిరపడదామంటాడు. చివరికి బీల్జెబబ్ లేచి కొత్త లోకంలో కొత్తగా పుట్టిన మనుషుల్ని చెడగొడదామంటాడు. సభ ఒప్పుకుంటుంది. ఆ ఆలోచన మొదట సైతానుదేనని మిల్టన్ పక్కన ఒక ముక్క అంటించి వెళ్ళిపోతాడు, చాలామంది గమనించరు. అంత ప్రమాదమైన పని ఎవరు చేస్తారంటే అందరూ మౌనం. అప్పుడు సైతాను నేను వెళ్తానంటాడు, ఇంకెవరైనా నేనూ వస్తాననేలోపు సభ ముగించేస్తాడు. ఎందుకంటే ఇప్పుడు ఎలాగూ తీసుకెళ్ళరని ధీమాతో నేనూ వస్తానన్నవాడికి ఊరికే పేరు వచ్చేస్తుంది. స్వేచ్ఛ గురించి అంత మాట్లాడినవాడు నడిపిన సభ ఇది. ముందే తేల్చుకున్న తీర్మానానికి పెట్టిన ఓటింగు. రాజకీయాలు చూసినవాళ్ళకి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

నాలుగో సర్గ చదవకుండా మిల్టన్ గురించి ఎవరైనా ఏదైనా అంటే నేను వినను. అక్కడ సైతాను మొదటిసారి ఒంటరిగా, శ్రోతలు లేకుండా మాట్లాడతాడు. మొత్తం గొంతే మారిపోతుంది. దేవుడు తనకేమీ అన్యాయం చెయ్యలేదని, ఆ సేవ కష్టమైనది కాదని తనే ఒప్పుకుంటాడు. ఎటు పారిపోయినా నరకమే, నేనే నరకం అంటాడు. మరి క్షమాపణ అడగొచ్చు కదా? అడగలేడు. కింద తన వాళ్ళకి గొప్పలు చెప్పి వచ్చాడు, వాళ్ళ ముందు తల వంచడమంటే సిగ్గు. మొదటి రెండు సర్గల్లోని ఉపన్యాసాలే ఇక్కడ అతని కాళ్ళకి సంకెళ్ళయ్యాయి. ఆ తర్వాత ఆదాము అవ్వల్ని చూసి జాలిపడుతూనే, రాజ్యావసరం కోసం తప్పదు అంటాడు. అవసరం అన్నది నిరంకుశుడు ఎప్పుడూ చెప్పే సాకు అని అక్కడే మిల్టన్ తన గొంతుతో అంటాడు.

ఇక అతని ఆకారం చూడండి. మొదట్లో మహా దేవదూత. తర్వాత చెట్టు మీద నీటికాకి. తర్వాత అవ్వ చెవి దగ్గర కప్ప. తర్వాత పాము. పదో సర్గలో గెలిచి నరకానికి తిరిగొచ్చి, సింహాసనం మీద నిలబడి విజయగాథ చెప్పి, చప్పట్ల కోసం ఆగుతాడు. వినిపించేది బుస. సభంతా పాములైపోయింది, తనూ పాము అయిపోతున్నాడు. జవాబు చెప్పబోతే నాలుక చీలిపోయి బుస తప్ప ఇంకేమీ రాదు. అంత మాటకారికి కవి వేసిన శిక్ష మాట తీసేయడం. మీరు రెండో సర్గలో ఆపేశారు కాబట్టి హీరోని మాత్రమే చూశారు. (పుస్తకం 1667లో మొదట వచ్చినప్పుడు 10 సర్గలు, 1674లో 12గా విడగొట్టారు. నేను చెప్పే అంకెలు 12 సర్గల ప్రతివి, ఇప్పుడు దొరికేవి దాదాపు అవే.)

ఇదే పద్ధతిలో మార్లో ‘డాక్టర్ ఫాస్టస్’ ఒక సాయంత్రంలో చదివేయొచ్చు. నరకం ఎక్కడుంది, అక్కడుండాల్సినవాడివి ఇక్కడెలా ఉన్నావని ఫాస్టస్ అడిగితే, ఇదే నరకం, నేను దాని బయట లేను అంటాడు మెఫిస్టోఫిలిస్. దయ్యం నిజం చెప్తుంది, వినేవాడు నమ్మడు. నరకం కట్టుకథ అంటాడు. సరే, అనుభవం నీ మనసు మార్చేదాకా అలాగే అనుకో అంటుంది దయ్యం. ఈ నాటకంలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది చివరి గంట కాదు, మధ్యభాగం. ఆత్మని అమ్ముకుని 24 ఏళ్ళ అధికారం కొనుక్కున్నవాడు ఏం చేశాడు? కనపడకుండా వెళ్ళి పోపుని చెంప మీద కొట్టాడు, చలికాలంలో ఒక డ్యూకు గారి భార్యకి ద్రాక్షపళ్ళు తెప్పించాడు, గుర్రాల బేరగాడిని మోసం చేశాడు. మధ్యభాగం బలహీనంగా ఉందని, అది వేరేవాళ్ళు రాసి ఉంటారని విమర్శకులు చాలా కొట్టుకున్నారు. ఎవరు రాసినా, అంత పెద్ద బేరానికి అంత చిల్లర ఫలితం రావడమే సరైన లెక్క అని నా అభిప్రాయం.

షేక్స్‌పియర్ ‘ఒథెల్లో’లో కుట్రలు పన్నే ఇయాగో దగ్గర ఇదే ప్రశ్నకి ఎదురుదెబ్బ తగుల్తుంది. నాటకం పొడవునా కారణాలు చెప్తూనే ఉంటాడు: ప్రమోషన్ ఇవ్వలేదు, నా భార్యతో ఒథెల్లోకి సంబంధం ఉందేమో, కాసియోకీ ఉందేమో. ఏదీ పూర్తిగా నమ్మబుద్ధి కాదు. చివరికి పట్టుబడ్డాక ఎందుకు చేశావంటే, నన్నేమీ అడక్కండి, మీకు తెలిసింది తెలుసు, ఇకమీదట ఒక్క మాట మాట్లాడను అంటాడు. కారణం తెలిస్తే మనకి కొంచెం తెరిపి. ఆ తెరిపి కూడా మిగల్చకుండా పోతాడు.

ఇప్పుడు మన వైపు. ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోవాలి: మన నరకం శాశ్వతం కాదు. పాపం అరిగేదాకా ఉండి, మళ్ళీ పుట్టాల్సిందే. డాంటే గుమ్మం మీద ఉన్న ‘ఆశలన్నీ వదులుకోండి’ అన్న బోర్డు యముడి ఇంటికి అతకదు. అందుకని నరకవాసి మనస్తత్వం మీద మనవాళ్ళు అంత పెట్టుబడి పెట్టలేదు. పెట్టింది చూడ్డానికి వెళ్ళినవాడి మీద. నేను మొదట్లో చెప్పిన రెండో ప్రశ్న ఇక్కడ పనికొస్తుంది.

పట్టికల సంగతి ముందు. భాగవతం పంచమ స్కంధం చివర్లో 28 నరకాలు ఉన్నాయి. తెలుగులో ఆ స్కంధం రాసింది గంగన అనే కవి. పట్టికే, ఒప్పుకుంటాను. అయినా అందులో సూచీముఖం దగ్గర ఆగండి. అక్కడికి పోయేది డబ్బు గర్వంతో అందర్నీ అనుమానంగా చూసేవాడు, ఖర్చవుతుందేమో, పోతుందేమో అన్న దిగులుతో గుండె, మొహం ఎండిపోయి, ధనానికి భూతంలా కాపలా కాసేవాడు. వాడి ఒళ్ళంతా యమభటులు సూదీదారంతో కుట్టేస్తారు. మనిషి బొమ్మ రెండు ముక్కల్లో పూర్తిగా గీశాడా లేదా? సూకరముఖం అని ఇంకొకటి ఉంది. తప్పు చెయ్యనివాడిని శిక్షించిన రాజుకీ రాజోద్యోగికీ అది. చెరకు గడలా పిండేస్తారు. ఉద్యోగిని కూడా కలిపి చెప్పడం నాకు నచ్చుతుంది, పై నుంచి ఆర్డరు వచ్చిందన్న సాకుకి అక్కడ తావు లేదు. రౌరవంలో అయితే బతికుండగా నువ్వు హింసించిన ప్రాణులే రురువులనే క్రూరజంతువులై నిన్ను హింసిస్తాయి. చేసినదే తిరిగిరావడమన్న డాంటే పద్ధతి ఇక్కడ ఎప్పుడో ఉంది.

అసలు సంగతి స్వర్గారోహణ పర్వం. భారతం చివర్లో చిన్న పర్వం, తిక్కన తెలుగు చేశాడు. ధర్మరాజు స్వర్గానికి వెళ్ళేసరికి ఎదురుగా సింహాసనం మీద దుర్యోధనుడు వెలిగిపోతూ ఉంటాడు. తమ్ముళ్ళు లేరు. నా వాళ్ళెక్కడ, అక్కడికే పోతానంటే దేవదూత ఒక దారిన తీసుకెళ్తాడు. నెత్తురు, మాంసం బురదలా ఉన్న నేల, వెంట్రుకలు నాచులా పరుచుకున్న దారి, ఈగలు, దుర్గంధం. ధర్మరాజు తట్టుకోలేడు. వెనక్కి తిరుగుతాడు. ఇది గుర్తుపెట్టుకోండి, ఆయన ముందు వెనక్కి తిరిగాడు. అప్పుడు చీకట్లోంచి గొంతులు: ఒక్క క్షణం ఉండు, నీ మీదినుంచి వచ్చే గాలికి మాకు హాయిగా ఉంది. ఎవరు మీరు? నేను కర్ణుణ్ణి, నేను భీముణ్ణి, నేను అర్జునుణ్ణి, నేను ద్రౌపదిని. బతుకంతా ధర్మం ధర్మం అన్న మనిషి అక్కడ దేవతల్నీ ధర్మాన్నీ తిట్టి, దూతతో నువ్వు వెళ్ళిపో, నేను ఇక్కడే ఉంటానంటాడు. ఆ తర్వాత ఇంద్రుడు వస్తాడు, నరకం మాయమవుతుంది, ద్రోణుడితో ఆడిన ఆ ఒక్క మోసపు మాటకి నీకిది చూపించాల్సి వచ్చిందని వివరణ వస్తుంది. వివరణ నాకు అంత ముఖ్యం కాదు. ఇది పరీక్ష అని తెలియనప్పుడు ఆయన ఏం చేశాడన్నదే ముఖ్యం. ఒక విద్యార్థిని నన్ను అడిగింది, మరి ఆ నరకంలో తమ్ముళ్ళు కాని వాళ్ళు ఉండి, ఉండమని అడిగితే ఉండేవాడా అని. ఇంతకంటే మంచి ప్రశ్న నాకు క్లాసులో ఎదురవలేదు.

దానికి జవాబు మార్కండేయ పురాణంలో ఉంది. 14వ శతాబ్దంలో మారన తెలుగు చేసిన పుస్తకం. విపశ్చిత్తు అనే రాజు ఏదో చిన్న దోషానికి నరకం మీదుగా నడవాల్సి వస్తుంది. బయల్దేరబోతుంటే పాపులంతా గోల పెడతారు, కాసేపు ఉండు, నీ ఒంటి గాలి తగిలితే మా బాధ తగ్గుతోందని. వాళ్ళెవరూ ఆయనకి చుట్టాలు కారు, నిజంగా పాపం చేసినవాళ్ళే. బాధలో ఉన్నవాడికి ఊరట ఇస్తే కలిగే సుఖం స్వర్గంలో కూడా ఉండదని చెప్పి ఆయన కదలడు. ఇంద్రుడు, యముడు వచ్చి బతిమాలాల్సి వస్తుంది. చివరికి ఆయన పుణ్యంతో వాళ్ళు కూడా బయటపడతారు. దీని పక్కన డాంటే 33వ సర్గ పెట్టి చూడండి. కళ్ళమీద గడ్డకట్టిన మంచు తీసేస్తానని అల్బెరీగో అనే పాపికి ఆశపెట్టి, కథ చెప్పించుకుని, డాంటే తియ్యకుండా వెళ్ళిపోతాడు. వాడితో మొరటుగా ఉండటమే మర్యాద అంటాడు. ఇద్దరు కవులకి నరకం పనే వేరు. ఎవరిది గొప్ప అని నన్ను అడక్కండి. ఒకరు పాపాన్ని అసహ్యించుకోవడం నేర్పాలనుకున్నారు, ఇంకొకరు పాపిని వదలకుండా ఉండగలవా అని అడుగుతున్నారు.

దస్తయేవ్‌స్కీ దగ్గరికొచ్చేసరికి నరకం గదిలోకి వచ్చేసింది. ‘నేరమూ శిక్ష’లో స్విద్రిగైలోవ్, పరలోకమంటే ఏదో విశాలమైనది అనుకుంటారే, పల్లెటూరి స్నానాల కొట్టం లాంటి ఒక చిన్న గది, మసి పట్టి, మూలమూలల సాలెపురుగులు, అంతే అయితే? అంటాడు. ‘కరమజోవ్ సోదరులు’లో ఇవాన్ ముందు ప్రత్యక్షమైన దయ్యం మాసిన బట్టల్లో ఉన్న చితికిపోయిన పెద్దమనిషి, కీళ్ళనొప్పులు, జలుబు. మంటలూ రెక్కలూ లేనందుకు ఇవాన్‌కి నిజంగా అవమానంగా ఉంటుంది, తన స్థాయికి తగ్గ సైతాను రాలేదని.

అదే నవలలో గ్రూషెంకా చెప్పే ఉల్లిపాయ కథ మాత్రం తప్పక చదవండి, రెండు పేజీలు కూడా ఉండదు. జీవితంలో ఒక్క ముష్టిదానికి ఒక్క ఉల్లిపాయ ఇచ్చిన దుర్మార్గపు ముసలమ్మ అగ్నిసరస్సులో ఉంటుంది. దేవదూత ఆ ఉల్లిపాయనే అందించి పైకి లాగుతుంటాడు. మిగతా పాపులు ఆమెని పట్టుకుని వేలాడతారు. ఇది నా ఉల్లిపాయ, మీది కాదు అని తన్నుతుంది. ఆ మాట అనగానే తెగిపోతుంది. 1918లో జపాన్‌లో అకుతగవ ఇదే అచ్చులో సాలెపోగు కథ రాశాడు. అక్కడ దొంగ కందత, ఈ దారం నాది, దిగండి అని అరుస్తాడు, తెగుతుంది. ఎవరూ పైనుంచి తెంపలేదు. వాళ్ళ నోటి మాటతోనే తెగింది. నేను మాట వినండి అని ఎందుకు పట్టుపడుతున్నానో ఈ రెండు కథలతో ఇంక చెప్పక్కర్లేదు.

చివరగా, ‘ఇన్ఫెర్నో’తో ఆపేయొచ్చా అని కూడా అడిగారు. ఆపకండి. దాని తర్వాతి భాగం, పాపాలు కడుక్కునేవాళ్ళ కొండ గురించిన ‘పుర్గతోరియో’, కనీసం మొదటి ఐదు సర్గలు చదవండి, లేకపోతే నరకవాసుల మాటల్లో ఏం లోపించిందో తెలీదు. అక్కడ 3వ సర్గలో మాన్‌ఫ్రెడ్ రాజు వస్తాడు, చర్చి వెలివేసినవాడు, 1266లో యుద్ధంలో చచ్చినవాడు. నా పాపాలు ఘోరమైనవి అని తన నోటితో అంటాడు. ‘ఇన్ఫెర్నో’ అంతా వెతికినా ఈ గొంతు దాదాపు దొరకదు. ఐదో సర్గ చివర పీయా అనే ఆమె ఉంది. భర్త చేతిలో పోయిందని తెలుస్తుంది. నువ్వు ఇంటికెళ్ళి, అంత దూరం నడిచిన అలసట తీర్చుకున్నాక నన్ను గుర్తుచేసుకో అంటుంది. ముందు అవతలివాడి అలసట, తర్వాత తన సంగతి. ఇటు ఫ్రాంచెస్కా కూడా ఐదో సర్గే, ఆమే భర్త చేతిలో పోయినదే. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒకే రోజు చదవండి.

వరస అడిగారు కాబట్టి: మొదట ఉల్లిపాయ కథ, స్వర్గారోహణ పర్వం. తర్వాత ‘ఫాస్టస్’. తర్వాత ‘ఇన్ఫెర్నో’లో 3, 5, 19, 26, 33, 34 సర్గలు, ఆ తర్వాతే మొత్తం. మిల్టన్‌లో 1, 2, 4, 9, 10. ఫుట్‌నోట్స్ టెన్షన్ పెట్టుకోవద్దు. మొదటిసారి సర్గ మొత్తం నోట్సు లేకుండా చదివి, ఎవరు ఎవరితో ఏమంటున్నారో పట్టుకుని, రెండోసారి నోట్సుతో చదవండి. 26లో గ్రీకు వీరుడు యులిసీస్ ఉపన్యాసం వస్తుంది. జ్ఞానం కోసం సముద్రాలు దాటుదామని ముసలి నావికుల్ని ఊగించేస్తాడు, మీరు కూడా ఊగిపోతారు. ఆయన ఇంట్లో వదిలేసి వచ్చినవాళ్ళ గురించి ఎన్ని పంక్తులున్నాయో, ఆ నావికులు ఏమయ్యారో చూశాక మీకేమనిపించిందో ఇక్కడే రాయండి.